ఎక్స్ఛేంజి ఎస్తేరు గారి కుడి చెవి

నా తర్వాత అమలాపురంలో మా క్లినిక్కు చేపట్టిన డాక్టరు పేరు సుధ. వయసులో నాకంటే చాలా చిన్నది, చదువులో నాకంటే బాగా పెద్దది. ఆ మధ్య అటువైపు వెళ్ళినప్పుడు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి అడిగింది.

“మాస్టారూ, ఉన్నట్టుండి చెవి పోయిందని వచ్చేవాళ్ళకి మీ రోజుల్లో ఏమిచ్చేవారండీ? స్టెరాయిడ్ బిళ్ళలా, ఇంజెక్షనా?”

“ఎవరు ఏది తట్టుకోగలిగితే అది,” అన్నాను.

నవ్వి ఊరుకుంది. ఇంటికొచ్చాక ఆ జవాబు చాలదని నాకే అనిపించింది. మోతాదులు చెప్పడానికి పుస్తకాలున్నాయి, అవి నాకంటే బాగా చెబుతాయి. నేను చెప్పగలిగింది మనుషుల సంగతి. అందులోనూ ముఖ్యంగా ఒక మనిషి సంగతి. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నాను. పేర్లు మార్చాను. ఊళ్ళు మార్చలేదు, మార్చినా కోనసీమ దాగదు.

అద్దం, శ్రుతిదండం

నేను చదువు ముగించుకుని అమలాపురం వచ్చి బోర్డు కట్టింది డెబ్బైల నడిమధ్యన. నుదుటికి కట్టుకునే గుండ్రటి అద్దం, మోగించి వినికిడి చూసే ట్యూనింగ్ ఫోర్కులు, అదే, రెండు మూడు శ్రుతిదండాలు, చెవిలోకి చూసే గరాటాలు, ఒక స్పిరిటు దీపం. అదీ నా సరంజామా. వినికిడి కొలిచే యంత్రం కావాలంటే గోదావరి దాటి కాకినాడ వెళ్ళాల్సిందే. క్లినిక్కు వెనక కాలవ ఉండేది. కొబ్బరికాయల పడవ వెళుతుంటే గెడ నీళ్ళలో దిగిన చప్పుడు నా గదిలోకి వినిపించేది. ఇప్పటి పిల్లలు వినికిడి పరీక్షకు గోడలకు మెత్తలు కట్టిన గది కావాలంటారు. నాకు ఆ రోజుల్లో అమలాపురం మధ్యాహ్నమే ఆ గది.

వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం కాలవల్లో ఈదులాడే పిల్లల చీము చెవులు. చెవిలో వడ్లగింజ దూరిందనీ, ముక్కులో బఠాణీ ఇరుక్కుందనీ వచ్చేవారు. మండపేట రైసు మిల్లుల్లో పనిచేసేవాళ్ళు అప్పుడప్పుడూ వచ్చేవారు. వాళ్ళ చెవులు ఏళ్ళ తరబడి నెమ్మదిగా అరిగిపోయేవి. పోతున్న సంగతి వాళ్ళకంటే ముందు వాళ్ళ ఆడవాళ్ళకు తెలిసేది.

ఉన్నట్టుండి పోయే చెవి ఇలాంటిది కాదు. “రాత్రి బాగానే పడుకున్నానండి, పొద్దున్న లేచేటప్పటికి ఈ పక్క తలుపు వేసేసినట్టు అయిపోయిందండి,” అనేవారు. లోపలికి చూస్తే చెవి శుభ్రంగా ఉండేది. కర్ణభేరి ముత్యంలా మెరుస్తూ ఉండేది. ఈ జబ్బులో ఉన్న మోసం అదే. పైకి ఏమీ కనబడదు కాబట్టి మనిషి జలుబనుకుంటాడు, గుబిలి పేరుకుందనుకుంటాడు. ఇంట్లోవాళ్ళు వెల్లుల్లి వేసి కాచిన కొబ్బరినూనె పోస్తారు. తగ్గుతుందిలే అని చూస్తారు. చెవిని బతికించుకోడానికి ఉన్న మంచి రోజులు ఆ చూడడంలోనే గడిచిపోతాయి.

కాకినాడలో నాకు పాఠం చెప్పిన ప్రొఫెసరు గారు మహా కోపిష్టి. ఆయన నేర్పిన ముక్క ఒకటి నా బతుకంతా అన్నం పెట్టింది. “యంత్రం లేదని ఏడవకయ్యా. శ్రుతిదండం మోగించి నుదుటి మధ్య ఆనించు. గుబిలో జలుబో అయితే మోత చెడ్డ చెవిలో వినబడుతుంది. నరం దెబ్బతింటే మంచి చెవిలో వినబడుతుంది. అది తెలిస్తే చాలు, నూనె సీసా పక్కన పెట్టించు.”

వైద్యం దగ్గరకొచ్చేసరికి ఒక్కొక్కరిది ఒక్కో మతం. కొందరు నికోటినిక్ యాసిడ్ ఇచ్చేవారు. ముఖం ఎర్రగా కందిపోయేది. రక్తం ముఖానికి వచ్చింది కాబట్టి చెవికీ వచ్చి ఉంటుందని ధైర్యం. కొందరు ఎర్రటి విటమిన్ సూదులు పొడిచేవారు. కొందరు సెలైన్లు ఎక్కించి మంచం దిగొద్దనేవారు. స్టెరాయిడ్ ఇవ్వాలనేవాళ్ళు తక్కువ. మా ప్రొఫెసరు గారు ఆ తక్కువమందిలో ఒకరు. అయినా గొప్పలు పోనిచ్చేవారు కాదు. “కొందరికి ఏ మందూ ఇవ్వకపోయినా చెవి తిరిగొస్తుంది. కాబట్టి వస్తే నీ ప్రతాపం అనుకోకు. రాకపోతే నీ పాపం అనుకోకు. చేతులు ముడుచుకుని కూర్చుంటే మాత్రం అది నీ పాపమే,” అనేవారు.

పోయింది లైను కాదు

అప్పట్లో ఊళ్ళో ఫోను తిప్పే పని లేదు. రిసీవరు ఎత్తితే ఎక్స్ఛేంజిలో ఆపరేటరు పలికేవారు. ఎవరు కావాలో చెబితే కలిపేవారు. వాళ్ళలో ఎస్తేరు గారి గొంతు ఊరందరికీ తెలుసు, ముఖం కొందరికే తెలుసు. “నంబర్ ప్లీజ్” అనేవారు, మనం ఒక్క మాట అనగానే గొంతు పట్టేసి “డాక్టరుగారాండీ, ఆయ్, చెప్పండి” అనేవారు. మద్రాసు కాల్ ఆలస్యమైతే కొబ్బరి వర్తకులు ఎవరి మీదైనా విరుచుకుపడేవారు గాని ఆవిడ మీద పడేవారు కాదు.

డెబ్బైల చివర్లో ఒక ఉదయం ఆ గొంతు మనిషై మా క్లినిక్కులోకి వచ్చింది. సన్నటి మనిషి, ముప్పై దాటి ఉంటాయి. పక్కన అత్తగారు శాంతమ్మ గారు. ఆవిడ మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్తకి మండపేటలో ఉద్యోగం, ఆదివారాలు వచ్చి వెళుతుంటాడు.

“మొన్న డ్యూటీలో ఉండగానేనండి,” అన్నారు ఎస్తేరు గారు. “హెడ్‌సెట్టు కుడి చెవికే పెట్టుకుంటానండి. రాజోలు వాళ్ళతో మాట్లాడుతూ ఉండగా అవతలి గొంతు అలా అలా దూరంగా వెళ్ళిపోయింది. లైను పోయిందనుకున్నాను. ‘హలో రాజోలు, హలో రాజోలు’ అని అరుస్తున్నాను. పక్క సీటమ్మాయి, ‘అక్కా, రాజోలు మాట్లాడుతూనే ఉంది కదా, ఎందుకరుస్తున్నావు’ అంది. హెడ్‌సెట్టు ఎడమ చెవికి మార్చేను. అప్పుడు తెలిసిందండి, పోయింది లైను కాదని.”

“కొబ్బరినూనె వెచ్చచేసి పోసేనండి,” అన్నారు శాంతమ్మ గారు. “చలిగాలికి పట్టేసిందనుకున్నాం.”

శ్రుతిదండం మోగించి నుదుటి మీద పెట్టాను. ఎస్తేరు గారు వెంటనే ఎడమ చెవి చూపించారు. ఇక నాకు అనుమానం లేదు. స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు అడగవలసినవి అడిగాను.

“ఇదివరకు పెద్ద జబ్బులేమైనా చేశాయా అమ్మా? షుగరు గాని, కడుపులో పుండు గాని, టీబీ గాని?”

ఆవిడ నేలకేసి చూసి “లేవండి” అన్నారు. శాంతమ్మ గారు కిటికీలోంచి కాలవకేసి చూస్తున్నారు.

ప్రెడ్నిసొలోన్ బిళ్ళలు రాశాను. రోజుకి సరిపడే బిళ్ళలన్నీ ఉదయం టిఫిను తిన్నాక ఒకేసారి వేసుకోవాలనీ, ఉప్పు తగ్గించాలనీ, రెండు వారాలయ్యాక చప్పున ఆపెయ్యకుండా మెల్లగా దించుకుంటూ రావాలనీ చెప్పాను.

శాంతమ్మ గారికి బిళ్ళలు ఆనలేదు. “ఇంజెక్షనైతే తొందరగా పనిచెయ్యదాండీ?”

కోనసీమలో ఆ రోజుల్లో సూది వెయ్యని డాక్టరు డాక్టరు కాదు. “రెండూ చేరేది రక్తంలోకేనండీ. కడుపు బిళ్ళని నిలుపుకోలేకపోతేనే సూది,” అన్నాను. ఆ మాట ఈరోజు సుధ ముందు కూడా అంటాను. కండలోకి పొడిచినా నోట్లో వేసుకున్నా ఒళ్ళంతా తిరిగి, మిగిలిందే చెవికి చేరుతుంది. మంచి అయినా చెడు అయినా ఒళ్ళంతా అనుభవించాల్సిందే.

లేచేముందు ఎస్తేరు గారు అడిగారు. “ఎడమ చెవి కూడా పోతుందాండీ?”

“అలా జరగడం చాలా అరుదమ్మా.”

“అయితే ఆఫీసులో ఎవరికీ చెప్పకండి. చెవిటి ఆపరేటరంటే బోర్డు మీద కూర్చోనివ్వరు.”

మర్నాడు క్లినిక్కు తలుపులు తీసేసరికి అరుగు మీద ఆవిడ ఒక్కరే నిలబడి ఉన్నారు.

“నేను నిన్న అబద్ధం చెప్పేనండి,” అన్నారు. “కాలేజీలో ఉన్నప్పుడు నాకు టీబీ వచ్చిందండి. శానిటోరియంలో ఉన్నాను. సూదులు పొడిచేరు, బిళ్ళలు మింగేను, పూర్తిగా నయమైందని చెప్పి పంపేరు. పెళ్ళివారితో చెప్పొద్దన్నారు మా నాన్నగారు. మా ఆయనకీ తెలీదు, మా అత్తగారికీ తెలీదు. మీరు రాసిన బిళ్ళలు నిన్న వేసుకున్నాను. రాత్రంతా భయమేసిందండి.”

భయపడవలసిన విషయమే. పాత టీబీ మచ్చలో క్రిములు నిద్రపోతూ ఉంటాయి. స్టెరాయిడ్ ఒంటి కాపలాని పడుకోబెడుతుంది. కాపలా పడుకుంటే దొంగ లేస్తాడు. చెవి కోసం ఇచ్చిన మందు ఊపిరితిత్తుల్ని తినేయొచ్చు.

ఇంకో అనుమానం కూడా తగిలింది. టీబీకి అప్పట్లో పొడిచే సూది స్ట్రెప్టోమైసిన్. అది లోపలి చెవికి శత్రువు. కానీ అది చేసే చేటు ఆ వైద్యం నాడే మొదలవుతుంది, సాధారణంగా రెండు వైపులా ఉంటుంది. ఇన్నేళ్ళ తర్వాత ఒక్క చెవిని ఒక్క పూటలో పట్టుకుపోదు. అయినా నా ఒక్కడి బుర్ర చాలదనిపించింది.

“ఇవాళ్టి బిళ్ళలు వేసుకోకండి. మా ప్రొఫెసరు గారిని అడుగుతాను,” అన్నాను.

“కాకినాడ ట్రంకాల్ కదండీ? బుక్ చెయ్యండి. డ్యూటీలో నేనే ఉంటాను,” అన్నారు ఎస్తేరు గారు.

ఈ సంఘటన నుంచి నేర్చుకున్నది ఇక్కడే చెప్పేస్తాను. పేషెంటుని పాత జబ్బుల గురించి అడిగేటప్పుడు గదిలో చుట్టాలుండకూడదు. ఆ తర్వాత ఎంతటి పెద్దమనిషి వెంట వచ్చినా, “కొంచెం బయట కూర్చోండి” అని మర్యాదగా పంపేవాణ్ణి. కొందరు కోపం తెచ్చుకున్నారు, తెచ్చుకోనిచ్చాను.

మూడు నిమిషాలు

ట్రంకాల్ దొరికేసరికి మధ్యాహ్నమైంది. ఫోను మోగితే ఎత్తాను.

“డాక్టరుగారండీ, కాకినాడ లైనులో ఉన్నారు, మాట్లాడండి.” ఎస్తేరు గారి ఆఫీసు గొంతు, ఎప్పటిలాగే.

ట్రంకు లైన్లు ఎలా ఉండేవో ఇప్పటివాళ్ళకు తెలియదు. అవతల మనిషి బావిలోంచి మాట్లాడుతున్నట్టుండేది. ఆరోజు అదీ లేదు, ఒకటే హోరు. నేను అరిచి చెప్పింది ఆయనకు అందుతోంది గాని ఆయన మాట నాకు అందడంలేదు. అలాంటప్పుడు మధ్యలో ఉన్న ఆపరేటర్లు ఒకరి మాట ఒకరికి అందించేవారు. అది వాళ్ళ పని.

నేను కేసంతా చెప్పాను. పేరు చెప్పలేదు. పేషెంటు అన్నాను.

హోరు మధ్య ఆయన ఏదో గట్టిగా అన్నారు. “హలో, వినబడలేదండీ,” అన్నాను.

“అవతలివారు చెబుతున్నారండి,” అంది ఆఫీసు గొంతు. “స్టెరాయిడ్ ఆపేస్తే పేషెంటు చెవి మీద ఆశ వదులుకోవచ్చునంటున్నారు.”

ఆవిడకు రెండు వైపులా ఆ పక్క సీటమ్మాయిలు కూర్చుని ఉంటారు.

“ఇంజెక్షన్ రూపంలో ఇస్తే ఊపిరితిత్తులకి తక్కువ ప్రమాదమా అని అడగండమ్మా,” అన్నాను. నాకు జవాబు తెలుసు. ఏదో ఒక దారి ఉంటే బాగుండునన్న ఆశతో అడిగాను.

కాస్సేపు హోరు. “తేడా లేదంటున్నారండి. బిళ్ళైనా సూదైనా ఒకటేనంటున్నారు. ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించమంటున్నారు. మచ్చ పాతదే అయితే టీబీ బిళ్ళలు కూడా కలిపి ఇస్తూ స్టెరాయిడ్ ఇవ్వొచ్చునంటున్నారు. స్ట్రెప్టోమైసిన్ జోలికి మాత్రం పోవద్దన్నారండి. టీబీ బిళ్ళలు నెలల తరబడి మింగాలటండి.”

“అయినా ప్రమాదం ఉంటుందా?”

“ఉంటుందన్నారండి. పూచీ ఎవరూ ఇవ్వలేరన్నారు. ఇంత చేసినా చెవి తిరిగిరాకపోవచ్చునని కూడా అంటున్నారు. పేషెంటుని అడిగి చెయ్యమంటున్నారండి.”

ఏమనాలి? అడగవలసిన మనిషి తీగ మధ్యలోనే ఉంది.

“పేషెంటు ఏమంటుందోనమ్మా,” అన్నాను చివరికి.

“పేషెంటు ఒప్పుకుంటుందండి,” అంది ఆఫీసు గొంతు, ఏమాత్రం వణకకుండా. “మూడు నిమిషాలయ్యేయండి. పొడిగించమంటారా?”

“వద్దమ్మా.”

లైను తెగింది. ముప్పై ఏళ్ళకు పైగా ప్రాక్టీసు చేశాను. చాలామందికి చెడ్డ కబుర్లు చెప్పాను. తన కబురు తానే, మాట తేడా రాకుండా అందించిన మనిషిని ఇంకొకరిని చూడలేదు.

శాంతమ్మ గారు

ఎక్స్‌రేలో మచ్చ పాతదే. స్టెరాయిడ్ మళ్ళీ మొదలుపెట్టాం, పక్కన టీబీ బిళ్ళలు. అయితే స్టెరాయిడ్‌ని చెవి మందని చెప్పొచ్చు గాని, నెలల తరబడి మింగే టీబీ బిళ్ళల్ని ఇంట్లో దాచడం ఎవరితరం? “నేనే చెబుతానండి,” అన్నారు ఎస్తేరు గారు. చెప్పడానికి ఆవిడ పడ్డ యాతన ట్రంకాల్ నాడు పడలేదనుకుంటాను.

రెండు రోజులకు శాంతమ్మ గారు ఒక్కరే వచ్చారు. గొడుగు మూల నిలబెట్టి కూర్చున్నారు.

“మా కోడలు నాతో చెప్పిందండి. చెబుతూ చెబుతూ నా కాళ్ళ మీద పడబోయింది. అదేంటమ్మా అని లేవదీసేను,” అన్నారు. “నాకు ముందే తెలుసండి.”

“ఏం తెలుసండీ?”

“ఆ జబ్బు సంగతి. ఆ శానిటోరియంలో మా పిన్ని కూతురు నర్సుగా చేసేదండి. సంబంధం అనుకున్నప్పుడే చెప్పింది. పిల్లకి పూర్తిగా తగ్గిపోయింది అక్కా, బంగారంలాంటి పిల్ల అంది. తగ్గిపోయిన జబ్బుకి మళ్ళీ మాటెందుకని నేను ఎవరితోనూ అనలేదు. మా అబ్బాయితో కూడా అనలేదు. పాలూ గుడ్డూ పూట తప్పకుండా చూసుకున్నానంతే.”

నాకు ఒళ్ళు మండింది. “మరి ఆరోజు నేను అడిగినప్పుడు పక్కనే ఉన్నారు కదండీ! ఒక్క మాట అనొచ్చు కదా!”

ఆవిడ కళ్ళజోడు తీసి పమిట చెంగుతో తుడుచుకున్నారు. “మా కోడలు లేదని చెప్పిందండి. నేను ఉందని చెబితే, ఇన్నేళ్ళూ నాకు తెలిసే ఉందని దానికి తెలిసిపోతుంది. ఆ సిగ్గుతో నా ముఖం చూడలేకపోతుందని ఊరుకున్నాను. సాయంత్రం నేనే వచ్చి మీతో చెబుదామనుకున్నాను. జ్వరంలా వచ్చి పడుకుండిపోయేనండి. పొద్దున్న లేచేసరికి అదే మీ దగ్గరికి వచ్చేసింది.”

కోపం ఎక్కడికి పోయిందో పోయింది. ఒకరి పరువు ఒకరు కాపాడాలని ఇద్దరు ఆడవాళ్ళు నోరు కట్టుకున్నారు. ఇద్దరూ నోరు కట్టుకుని ఉండగా మధ్యలో డాక్టరు గుడ్డివాడయ్యాడు.

“ఇప్పుడైనా మీకు ముందే తెలుసని చెప్పారా?” అన్నాను.

“లేదండి. కొత్తగా విన్నట్టే విన్నాను. దానికి ధైర్యం వచ్చేక చెబుతానులెండి.” గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. చెప్పారట కూడా, చాలా కాలం తర్వాత. అది విని ఎస్తేరు గారు మొదట ఏడ్చి, తర్వాత అత్తగారితో వారం రోజులు మాట్లాడలేదట. ఆ రెండూ న్యాయమే.

ఏది పనిచేసింది, ఏది చెయ్యలేదు

ఎస్తేరు గారి కుడి చెవి తిరిగి రాలేదు. దూరంగా లారీ వెళితే మోత తెలిసేది, మనిషి మాట మాత్రం తెలిసేది కాదు. ఈలలాంటి హోరొకటి లోపల మిగిలిపోయింది. ఊపిరితిత్తులు మాత్రం చెక్కుచెదరలేదు. టీబీ మళ్ళీ ఆవిడ జోలికి రాలేదు.

ఆలస్యం వల్లనా? మధ్యలో ఒక రోజు బిళ్ళలు ఆపినందువల్లనా? ఏం చేసినా రాని చెవేనా? నాకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడే డాక్టర్ల దగ్గర జాగ్రత్తగా ఉండమని చిన్నవాళ్ళకు చెబుతాను. ఇప్పుడు సుధ చేసే పద్ధతి ఒకటుంది. సన్నటి సూదితో కర్ణభేరి వెనక్కే స్టెరాయిడ్ పోస్తుంది. ఒంటికి అంటేది బహు తక్కువ. టీబీ మచ్చ ఉన్నవాళ్ళకీ, షుగరు ఉన్నవాళ్ళకీ, బిళ్ళలతో ఫలితం రానివాళ్ళకీ ఆ దారి ఉంది. ఒంట్లో ఏ ఇబ్బందీ లేనివాడికి బిళ్ళలే సులువు, ఇప్పటికీ ముందు వాటినే నమ్ముతాను. చెవిలో సూది గొప్పదా బిళ్ళ గొప్పదా అని ఎవరైనా అడిగితే, ముందు ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరో చెప్పమంటాను. ఆ సూది దారి ఆనాడు మాకు తెలిసి ఉంటే ఎస్తేరు గారికి అదే ఇచ్చేవాణ్ణి. ఆ ఒక్క విషయంలో ఇప్పటివాళ్ళను చూసి అసూయపడతాను.

ఉద్యోగం మాత్రం పోలేదు. ఆవిడే వెళ్ళి సూపర్‌వైజరుతో ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆయన, “కుడి చెవితో వింటారో ఎడమ చెవితో వింటారో మీ ఇష్టమమ్మా, నాకు లైను కలవాలి,” అన్నాడట. ఒకసారి మా క్లినిక్కులో ఆవిడ నవ్వుతూ అన్నారు. “ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే ప్రపంచం ఉండదండి డాక్టరుగారూ. మొదట్లో భయమేసేది. ఇప్పుడు మా ఆయన గురక వినబడదు, హాయిగా నిద్రపోతున్నాను.” నవ్వుతూనే కళ్ళొత్తుకున్నారు.

ఆ తర్వాత ఆవిడ ఒక పని మొదలుపెట్టారు. నేను అడగలేదు, నాకు చెప్పనూలేదు. రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం ఎక్స్ఛేంజిల్లో ఉన్న ఆపరేటర్లందరితో, లైను ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కటే మాట. “చెవి ఉన్నట్టుండి పోతే జలుబనుకోకండే. నూనె పొయ్యనివ్వకండి. ఆరోజే డాక్టరు దగ్గరికి పంపండి.” వాళ్ళు తమ ఊళ్ళో కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పేవారు. పేషెంట్లు ముందుకంటే తొందరగా రావడం నేను గమనించాను గాని, కారణం నాకు ఒక ఘనపాఠి గారు చెప్పేదాకా తెలియలేదు.

రెండు స్వరాలు

ఆయనది రాజోలు దగ్గర పల్లె. వేదం చెప్పే ఇల్లు. ఎనభైల మొదట్లో ఒక మధ్యాహ్నం వైనతేయ పాయను పంటు పడవ మీద దాటి, బస్సెక్కి, భార్యతో సహా వచ్చారు. పొద్దున్నే పోయిన చెవితో సాయంకాలం కాకముందే నా ఎదుట కూర్చున్న మొదటి పేషెంటు ఆయన.

“ఎడమ చెవి మందగించింది నాయనా. అదొక్కటే అయితే రాకపోదును,” అన్నారు. “ఒకే స్వరం రెండు చెవుల్లో రెండు రకాలుగా పలుకుతోంది. కుడి చెవిలో సరిగ్గా ఉన్నది ఎడమ చెవిలో దిగిపోయి వినబడుతోంది. ఎదురుగా పిల్లలు వేదంలో పనస చెబుతున్నారు. తప్పు వాళ్ళ గొంతుదో నా చెవిదో తేలడంలేదు. అది తేలకపోతే నేను పాఠం చెప్పకూడదు.”

లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు అలా జరగడం ఉంది. అంత కచ్చితంగా చెప్పినవారు మాత్రం ఆయనొక్కరే.

“ఇంత తొందరగా ఎలా వచ్చారండీ?” అని అడిగాను.

“రాజమండ్రిలో మా బావమరిదికి ఫోను చేద్దామని రాజోలు వెళ్ళాను. అక్కడ టెలిఫోను అమ్మాయి విషయం విని, ‘వద్దండి, ఇప్పుడే అమలాపురం వెళ్ళిపోండి, మా ఎస్తేరక్కకి ఆలస్యం వల్లే చెవి పోయింది’ అని తరిమింది,” అన్నారు.

ఆయనకు షుగరుంది. స్టెరాయిడ్ షుగరును పైకి ఎగదోస్తుంది. ఈసారి దాచిందేమీ లేదు కాబట్టి దారి కనబడింది. క్లినిక్కు వెనక గదిలో ఉంచుకున్నాను. షుగరు చూడడానికి రోజూ మూత్రంలో నీలం మందు కలిపి దీపం మీద కాచేవాణ్ణి. నీలంగా ఉంటే సంతోషం, ఆకుపచ్చకు తిరిగితే జాగ్రత్త, ఇటుక రంగు వస్తే ఇన్సులిన్ పెంచడం.

చిక్కొకటే వచ్చింది. “నేను ఒంటిపూట భోజనం వాణ్ణి,” అన్నారు.

“ఇన్సులిన్ చేయించుకుని తినకపోతే ప్రాణం మీదికి వస్తుందండీ. ఈ బిళ్ళలు కూడా పరగడుపున పడవు.”

ఆయన భార్యవైపు తిరిగారు. “ఆపద్ధర్మం. స్టవ్వు వెలిగించవే, ఉప్పులేని ఉప్మా ఎలా ఉంటుందో చూద్దాం.” తిన్నాక, “వైద్యం కంటే ఇదే కష్టం నాయనా,” అన్నారు.

వారం దాటాక ఒక ఉదయం శ్రుతిదండం మోగించి ముందు కుడి చెవి దగ్గర, తర్వాత ఎడమ చెవి దగ్గర పెట్టాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ పెట్టమన్నారు. మళ్ళీ పెట్టాను.

“ఒకటే పలుకుతోంది,” అన్నారు. అంత పెద్దాయన చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆయన భార్య స్టవ్వు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి, ఏదో అయిపోయిందనుకుని ఆవిడా ఏడ్చింది.

నా మందు వల్ల వచ్చిందా, దానంతట అదే వచ్చేదా? ప్రొఫెసరు గారి మాట తలుచుకుని నోరు మూసుకున్నాను. సమయానికి రావడం మాత్రం నా గొప్ప కాదు. ఆ మాటే ఆయనతో అన్నాను.

“ఆ ఎస్తేరమ్మ ఎక్కడుంటుంది?” అని అడిగారు.

బయల్దేరే రోజు ఆయన్ని వెంటబెట్టుకుని ఎక్స్ఛేంజికి వెళ్ళాను. లోపలికి ఎవరినీ రానివ్వరు. కబురు పంపితే ఎస్తేరు గారు హెడ్‌సెట్టు మెడలోకి జార్చుకుని వరండాలోకి వచ్చారు. ఆయనెవరో, ఎందుకు వచ్చారో చెప్పాను. ఆవిడ తడబడిపోయి చేతులు జోడించి తల వంచారు. ఆయన ఆవిడ కుడి పక్కగా నిలబడి చెయ్యెత్తి లోగొంతుకతో గబగబా ఆశీర్వచనం చెప్పారు. చెప్పడం అయిపోయింది. ఆవిడ తల వంచుకునే ఉన్నారు, ఇంకా మొదలుపెట్టలేదనుకుని.

కాస్సేపయ్యాక తలెత్తి చూసి విషయం గ్రహించి, “ఆ పక్క వినబడదండి గురువుగారూ,” అన్నారు సిగ్గుపడుతూ. “ఏమీ అనుకోకండి, ఇటొచ్చి చెప్తారాండీ?”

ఘనపాఠి గారు ఆవిడ చుట్టూ తిరిగి ఎడమ వైపుకి వచ్చారు. ఈసారి మొదటిలా గబగబా చెప్పలేదు. శిష్యుడికి పాఠం చెప్పినట్టు ఒక్కొక్క స్వరం ఆనించి, నిలబెట్టి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టారు. వరండాలో వెళ్ళేవాళ్ళు ఆగిపోయారు.

లోపల నుంచి పక్క సీటమ్మాయి కేకేసింది. “అక్కా, హైదరాబాదు లైనులో ఉంది!”

“ఉండమను,” అన్నారు ఎస్తేరు గారు.